పోస్టర్ల లైతో అంటించిన గులాబీలు

జనగామ, 26-9-2011

అవ్వా, నీకూ బాపుకూ దండాలు. సమ్మెకు బస్సులు బందయ్యాయని పరేషాన్ కాకండి, నేను బాగానే ఉన్నాను.

కుట్టు సెంటర్ మూసినా, మాకు నేర్పే భాగ్యక్క తన ఇంట్లోనే ప్లాస్టిక్ సీసాలకు పువ్వుల కాగితం నాప్కిన్లు అంటించడం చూపిస్తోంది. నేను తెలివి చూపించబోయి, ధర్నా పోస్టర్ల కోసం ఉడికించిన మైదా లై అడిగి తెచ్చి అంటించాను. ఆరేసరికి గులాబీలన్నీ ఊడి కింద పడ్డాయి. అక్క ఒకటే నవ్వు.

"గోడంటె లైని గుంజుకుంటది పిల్లా, ప్లాస్టిక్ ఎట్ల గుంజుకుంటది? ముందుగాల జర గరుకు చెయ్యి."

ఈసారి సీసాను గరుకు కాగితంతో రుద్ది, నాప్కిన్‌లో పువ్వున్న పై పొర ఒక్కటే విడదీసి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అంటించాను. గోటితో గీకినా రాలేదు!

బర్రె ఈనిందా? బాపు మోకాలు ఎట్లుంది? నన్ను తీసుకురావడానికి ఆయన్ని లారీలు పట్టుకుని బయల్దేరనివ్వకు. ఖాళీ సీసాలు పారేయకు.

సద్దుల బతుకమ్మకు అందుకోకపోయినా, బస్సులు నడవగానే సీసాతో వస్తాను. గూట్లో జాగ ఉంచు. ఒక పక్క ముడత పడింది, ఆ పక్క గోడకు తిప్పుదాం. లేకుంటే వంకలు వెతికే చిన్నత్త కళ్లు ముందు దాని మీదే పడతాయి.

నీ బిడ్డ,
సుకన్య