గుమస్తాకి రెండు ముళ్ళు

పిన్నిగారికి,

బుడ్డి కొత్త గౌను మడతలో ఈ ఉత్తరం పెట్టి పంపిస్తున్నాను. ఫోన్ చేస్తే మీరు "ఊఁ" అంటారు, నేను "ఊఁ" అంటాను, ఈలోపు బుడ్డి ఫోను లాక్కుని గుమస్తా ఏం చేస్తున్నాడని అడుగుతుంది. కాగితాన్నయితే ఎవరూ లాక్కోరు.

ముందు గౌను సంగతి. ఆకుపచ్చ గుడ్డకి అంచు చుట్టూ ఇటుకరంగు దారంతో కుట్టు పడింది. "ఇదేంటి నాన్నా?" అంటే "ఇప్పుడందరూ ఇలాగే వేయించుకుంటున్నారులే" అన్నాడు. జేబు కాస్త కిందకి పెట్టమంటేనే మొహం చిట్లించే మనిషి! నవ్వుకోండి, కానీ తొడగండి. కుట్టినంతసేపూ పక్కన పిల్ల ఉన్నట్టే మిషనుతో కబుర్లు చెప్పాడు.

ముందుగదిలో కొట్టు, వెనక ఇల్లు కాబట్టి మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరి గొంతు వినబడుతూనే ఉంటుంది. అయినా మీరు వెళ్ళాక ఇల్లు ఖాళీ డబ్బాలా మోగుతోంది. బుడ్డి బొమ్మకి పనికొస్తాయని నాన్న ఇప్పటికీ గుడ్డపీలికలు ఏరి చొక్కాజేబులో కుక్కుకుంటున్నాడు. గుమస్తా మాత్రం బల్ల మీద చేతులు కట్టుకుని అలాగే కూర్చుంటున్నాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు "ఏం గుమస్తాగారూ, మా చొక్కా ఎప్పటికిస్తారు?" అని వాడినే అడుగుతున్నారు. వాడు కళ్ళు మూసుకుంటాడు. నాన్న కంటే వాడి జవాబే నయం అంటున్నారు.

ఆ రోజు ల్యాబు కాగితం పట్టుకుని మీరన్న మాట నేను మర్చిపోలేదు. "పిల్లి పురుగులు నా పిల్ల కడుపులోకి వచ్చాయి. ఇంకెన్నాళ్ళు ఊరుకోమంటారు?" అన్నారు. నాన్న టేపు చుడుతూ ఉండిపోయాడు. నేనేమో "అది మా అమ్మ పిల్లి" అన్నాను. "తెలుసు. ఈ ఇంట్లో అన్నీ ఆవిడవే. మీ నాన్న మనసుతో సహా. ఆ మనసు ఇక్కడుంటే ఒకరి ప్యాంటు ఇంకొకరింటికి ఎందుకు వెళ్తుంది?" అని మీరు బుడ్డిని ఎత్తుకుని మీ అమ్మగారింటికి వెళ్ళిపోయారు.

బుడ్డి పొద్దున్నే పొట్ట పట్టుకుని మెలికలు తిరగడం నేనూ చూశాను. తల్లిగా మీకు కోపం రావడంలో తప్పేముంది? అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం ఒకటి వచ్చిందనీ, వెళ్ళాలా వద్దా అని ఊగుతున్నాననీ మీకు తెలుసు. వెళ్తున్నాను. గుమస్తాని నాతో తీసుకెళ్తాను. మీరు వచ్చేయండి. ఇల్లు మీదే.

వాడిని ఎవరికైనా ఇచ్చేయొచ్చు కదా అంటారేమో. అమ్మ మంచం పట్టినప్పుడు వాడు ఆవిడ కాళ్ళ దగ్గర నుంచి కదల్లేదు. నాకు ఇప్పుడు అమ్మ గొంతు సరిగ్గా గుర్తు రావడం లేదు పిన్నిగారూ. మొహం గుర్తుంది, గొంతు జారిపోయింది. వాడికి గుర్తుంటుందని నా నమ్మకం. పిచ్చి నమ్మకమే, ఎవరితోనూ అనకండి.

ఇట్లు,
మీ ఆయన పెద్దకూతురు

*

పిన్నీ,

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, ఆ తర్వాత మీ ఇష్టమున్నంత నింపాదిగా చదువుకోండి. బుడ్డి కడుపులో పిల్లి పురుగులు లేవు. ఆ కాగితం బుడ్డిది కాదు, గుమస్తాది.

ప్రయాణానికి ముందు వాడిని ఒకసారి చూపిద్దామని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఒళ్ళు చిక్కిపోయి పొట్ట మాత్రం మద్దెలలా ఉంది. వాడు ఆవిడ బల్ల మీదే భళ్ళున కక్కుకున్నాడు. అందులో తడిసిన తెల్లదారంలాంటిది ఒకటి, చుట్టలు చుట్టుకుని కదులుతోంది. డాక్టరమ్మ దాన్ని చూసింది, మొన్న గుమస్తా పరీక్షకి తను ఇచ్చిన కాగితం చూసింది. అందులో "పురుగులు లేవు" అని ఉంది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా పరీక్ష చేయించారా?" అని అడిగింది.

"మా చెల్లెలికి. పిల్లుల్లో ఉండే ఏలికపాము గుడ్లు కనిపించాయని రాశారు."

ఆవిడ చేతి తొడుగు సగం తీసి ఆగిపోయింది. "అలా జరగదమ్మా. వీడి ఏలికపాము మనిషి ఒంట్లోకి పోతే దారి తెలియని చుట్టంలా అటూ ఇటూ తిరుగుతుందంతే. పెద్దదై సంసారం చేసి గుడ్లు పెట్టాలంటే మళ్ళీ పిల్లి కడుపుకే రావాలి. ఆ ల్యాబువాళ్ళు చూసింది వీడి మలం డబ్బా."

"మరి మీరు చూసింది?"

"మీ చెల్లెలిదే అయ్యుంటుంది. చూసి, పిల్లి నిక్షేపంలా ఉందని రాసిచ్చాను!"

నవ్వాను కానీ, అలాగని గుమస్తా శుద్ధపూస కాదని కూడా చెప్పింది. వాడు మట్టిలో వదిలిన గుడ్లు కొన్నాళ్ళకి పక్వానికి వస్తాయట. ఆ మట్టిలో ఆడుకున్న పిల్ల చెయ్యి కడుక్కోకుండా నోట్లో పెట్టుకుంటే అప్పుడు ప్రమాదమట. వరండాలో కుండీల మట్టి అంతా తీసి పారేశాను. వాడికి మాత్ర వేశారు, కొన్నాళ్ళకి మళ్ళీ వెయ్యాలి. బుడ్డిని అక్కడే పిల్లల డాక్టరుకి చూపించి ఈ తారుమారు సంగతంతా చెప్పండి. నొప్పికి వేరే కారణమేదో ఉండాలి. ఎందుకైనా మంచిది, రక్తం కూడా పరీక్ష చేయమనండి.

ఇక తారుమారు ఎలా జరిగిందో చెప్పాలి. రెండూ ఒకేలాంటి గుండీల డబ్బాలు. మీరు ఒకదానికి ఎర్రదారం, ఇంకోదానికి పచ్చదారం కట్టి "ఎరుపుది మనుషుల ల్యాబుకి, పచ్చది పశువుల డాక్టరుకి" అని నాన్న చేతికిచ్చారు. నేను అక్కడే ఉన్నాను. మీ వైపు తప్పేమీ లేదు. మరి నాన్న?

ఇంటికొచ్చి కత్తిరింపు బల్ల మీద ఎర్రరీలు, పచ్చరీలు పక్కపక్కన పెట్టాను. "నాన్నా, ఆ ఎర్రది ఇలా అందివ్వు."

ఆయన వాటి వంక చూడలేదు. నా మొహం వంక చూశాడు, ఏదైనా గుర్తు దొరుకుతుందేమోనని. తర్వాత పచ్చది తీసిచ్చాడు.

"ఎప్పటి నుంచి నాన్నా?"

"పుట్టినప్పటి నుంచే." కుర్చీలో కూలబడ్డాడు. "మీ అమ్మ ఏ రీలు ఏ అరలో పెట్టిందో నా చేతికి తెలుసు. చూసే పనే ఉండేది కాదు."

పిన్నీ, మీరు ఇంటికొచ్చిన కొత్తలో ఆ అరలన్నీ తుడిచి, నిండు రీళ్ళన్నీ పైన, సగం వాడినవన్నీ కింద పెట్టి ఎంత చక్కగా సర్దారో! చొక్కాలకీ ప్యాంట్లకీ రంగుదారాలు కట్టి గుర్తులు పెట్టడం కూడా మీ తెలివే. నాన్న "బాగుంది" అన్నాడు. ఆ రోజు నుంచి చీకట్లో తడుముకుంటూ బతుకుతున్నాడు.

"పిన్నికి ఒక్క ముక్క చెప్తే పోయేది కదా!" అన్నాను.

"ఏమని? రంగులు తెలియని టైలర్ని కట్టుకున్నావు అనా? చూసే కళ్ళలో చులకనైపోనూ?"

"ఆవిడేమో నీ మనసు ఇక్కడ లేదనుకుంటోంది."

గుమస్తా ఒళ్ళోకి ఎక్కితే వాడి చెవులు నిమురుతూ "మనసు ఇక్కడే ఉందే. కళ్ళే..." అని ఆపేశాడు. మీకు చెప్పనని నా చేత మాట తీసుకున్నాడు. నేను చెప్పడం లేదు కదా, రాస్తున్నాను. గౌను అంచు ఇంకోసారి చూడండి. ఆయన దృష్టిలో అది పచ్చ మీద పచ్చ.

వస్తారా?

ఇట్లు,
మీ ఆయన పెద్దకూతురు

*

మా పిన్నికి,

గుమస్తాని తీసుకెళ్ళిపోతానని బెదిరించినదాన్ని ఖాళీ బుట్టతో బస్సెక్కాను. ఇక్కడ నా గది అగ్గిపెట్టెంత. కిటికీ తెరిస్తే ఎదురింటివాళ్ళ తువ్వాళ్ళు మొహానికి తగులుతాయి. అచ్చాఫీసులో మా పెద్దాయన ప్రతి తప్పుకీ "తల్లీ!" అని మూలుగుతాడు. తప్పు నాదో రచయితదో ఆ మూలుగును బట్టి తెలుసుకోవాలి.

బుట్టలో గుమస్తాని కుక్కుతుంటే నువ్వు వచ్చి "వాడిని గుమ్మం దాటించావంటే కాళ్ళు విరగ్గొడతా. నువ్వే తిండికీ నిద్రకీ వేళాపాళా లేని మనిషివి, వాడికి మాత్రలు నువ్వు వేస్తావా?" అని కేకలేశావు చూడు. అమ్మ పోయాక ఆ ఇంట్లో నన్నెవరూ తిట్టలేదు. అందరూ జాలిగా, మెత్తగా మాట్లాడేవాళ్ళు. నువ్వు తిట్టాక బస్సులో కూర్చుని హాయిగా ఏడ్చాను. అప్పటి నుంచి నోట్లోకి "మీరు" రావడం లేదు. తప్పయితే మళ్ళీ తిట్టు.

బుడ్డి పొట్టనొప్పి గుట్టు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. బడిలో బాత్రూం తలుపుకి గడియ పడదని ఇంటికొచ్చేదాకా బిగబట్టుకునేదా, మహాతల్లి! రక్తపరీక్షలో కూడా ఏమీ లేదన్నారు, అంతే చాలు. గడియ పెట్టించారా? చెయ్యి కడుక్కోవడం నువ్వు చూడనప్పుడు కూడా జరుగుతోందా? నా మాటగా ఒకసారి బెదిరించు.

నేను ఈ ఉత్తరం రాస్తున్నది నువ్వు చూడనిది ఒకటి చెప్పడానికి. నువ్వు వచ్చిన మర్నాడే "నా సర్దుడు నాకే నచ్చలేదు, పాతదే బాగుంది" అంటూ రీళ్ళన్నీ కిందికి దించేశావు. ఏది ఎక్కడుండేదో నన్నడిగి మళ్ళీ పెట్టావు. నాన్న తల ఎత్తకుండా "నీ ఇష్టం" అన్నాడు. ఆ సాయంత్రం ఆయన చెయ్యి అరలోకి వెళ్ళి, కావలసిన రీలు తీసుకుని, తడుముకోకుండా వెనక్కి వచ్చింది. అది నువ్వూ చూశావు, నేనూ చూశాను, ఇద్దరం చూడనట్టు ఊరుకున్నాం.

నేను చెప్పేది ఆ తర్వాతి సంగతి. ఎందుకైనా మంచిదని బుడ్డికీ గుమస్తాకీ మళ్ళీ పరీక్ష చేయించిన రోజు. "రంగుదారాలు అయిపోయాయండీ. తెల్లదే కట్టాను. బుడ్డి డబ్బాకి ఒక ముడి, గుమస్తాకి రెండు ముళ్ళు" అన్నావు. నీ వెనక గోడంతా రంగురంగుల రీళ్ళు! నేను నవ్వు ఆపుకోలేక మొహం మిషను కిందికి దించుకున్నాను. నువ్వు డబ్బాలిచ్చేసి లోపలికి వెళ్ళిపోయావు.

నాన్న వెంటనే బయల్దేరలేదు. గుమ్మం మెట్టు మీద కూర్చుని ఒక డబ్బా ముడిని బొటనవేలితో తడిమాడు. రెండోదాన్నీ తడిమాడు. మళ్ళీ మొదటిది. గుమస్తా వచ్చి పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "రెండు ముళ్ళు నీవటరా పెద్దమనిషీ" అన్నాడు వాడితో. తర్వాత వెనక్కి తిరిగి, గోడ నిండా ఉన్న రీళ్ళని చూసి, నువ్వు వెళ్ళిన గుమ్మం వైపు చూశాడు. చూసి నవ్వాడు.

అమ్మ ఉన్నప్పటి నవ్వు అని రాయబోయి ఆగాను. అబద్ధమవుతుంది. అమ్మ ఉన్నప్పటి నవ్వులు నాకు తెలుసు. ఇది నేనెప్పుడూ చూడని నవ్వు.

ఉంటాను. గుమస్తా మాత్ర ఉమ్మేస్తాడు, గొంతు కింద నిమిరితే మింగుతాడు.

నీ
పెద్దది