గోలీసోడా లాజరు

భవానీపురం

చిరంజీవి ఆమోసుకు అమ్మ రాయునది.

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మన ఇంటి ఆనవాయితీ. ఈసారి రాయబుద్ధి కావడం లేదు. పాస్టరు ట్రైనింగులో మీ ఫోన్లు తీసుకున్నారట, మంచిదే అయింది. ఫోనైతే "ప్రైజ్ ద లార్డ్ అమ్మా" అంటూ మొదట్లోనే నా నోరు కట్టేసేవాడివి. ఉత్తరానికి అడ్డు తగలలేవు కదా.

ముందు నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. శనివారం యూత్ మీటింగుకి పిల్లలు వస్తూనే ఉన్నారు. కృప నీకంటే బాగా నడుపుతోంది, ఆ పిల్లకి మైకు పిచ్చి లేదు. కృష్ణా నది కట్ట కింద గంజాయి కోసం తిరిగే కుర్రాళ్లు కొందరు అది మానేసి, మన వరండాలో కూర్చుని పాటలు పాడుతున్నారు. ఇంత మంచి పని నీ చేతుల మీదుగా మొదలైందని నేనూ మురిసిపోయినదాన్నే. నాన్నకి పక్షవాతం వచ్చిన కుడి చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. ఎడమ చెయ్యి ఎత్తగలుగుతున్నాడు. మాట ముద్దగానే వస్తోంది, నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు.

ప్రభువు నిన్నెలా మార్చాడో నువ్వు చెప్పిన సాక్ష్యాన్ని మీ ట్రైనింగువాళ్లు వీడియో తీసి పెట్టారు. కాలనీలో అందరి ఫోన్లలోకీ వచ్చింది. కృప సంబరపడుతూ తెచ్చి మాకు చూపించింది. కళ్లు తుడుచుకుంటూ ఏం చెప్పావో గుర్తుందా? "మా నాన్న రోజూ తాగొచ్చి అమ్మని కొట్టేవాడు. నేను మంచం కింద దాక్కునేవాణ్ణి." ఒరేయ్, అప్పట్లో మన ఇంట్లో మంచం ఎక్కడిదిరా?

వన్‌టౌన్ మార్కెట్లో బస్తాలు మోసే ముఠావాళ్లంతా సాయంత్రం బ్రాందీ షాపు దగ్గర ఆగేవాళ్లు. వాళ్లలో మీ నాన్న ఒక్కడే సోడా బండి దగ్గర ఆగేవాడు. ఒక గోలీసోడా తాగి, నీకు జంతికల పొట్లం కట్టించుకుని ఇంటికొచ్చేవాడు. గోలీసోడా లాజరు అని వాళ్లు ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవాడు. నా మీద చెయ్యి కాదు కదా, గొంతు కూడా ఎత్తి ఎరగడు. అలాంటి మనిషిని లోకం ముందు తాగుబోతుని చేశావు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. మీటింగుకొచ్చే తాగుబోతుల పిల్లలకి దగ్గర కావాలంటే నువ్వూ తాగుబోతు కొడుకువే కావాలా? సిగ్గు లేదూ నీకు?

ఇంకో సంగతి ఉంది. నీకు రాయొద్దని నాన్న మరీమరీ చెప్పాడు. అయినా రాస్తున్నాను.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక పిల్లలంతా మన ఇంటికొచ్చారు. నీ మీద ప్రేమతోనే వచ్చారు. నేను లోపల టీ కాస్తున్నాను. వాళ్లు నాన్న కుర్చీ చుట్టూ మోకరించి ప్రార్థన మొదలుపెట్టారు. కృప ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, "తాతయ్యా, ఇంకెప్పుడూ తాగనని ప్రభువుకి చెప్పండి. అమ్మమ్మని కొట్టిన పాపం ఒప్పుకోండి. మాట రాకపోతే చెయ్యెత్తండి, చాలు" అంది.

నేను పొయ్యి ఆపి పరుగున వచ్చేసరికి మీ నాన్న చెయ్యెత్తి ఉన్నాడు.

పిల్లలు హల్లెలూయా అన్నారు, కొందరు ఏడ్చారు. వాళ్లనేమంటాను, వాళ్లు నిన్ను నమ్మారు. అందరూ వెళ్లాక ఆయన మీద విరుచుకుపడ్డాను. ఎందుకెత్తావయ్యా అని నిలదీశాను. చాలాసేపు కూడబలుక్కుని చెప్పాడు.

"ఆడు అబద్ధం ఆడాడని తెలిస్తే, ఈ పిల్లలు మళ్లీ కట్ట కిందకి పోతారే. నాదేం పోయింది?"

ఆయనది పోలేదట. నాది పోయింది. ఆయన నిన్ను ఎప్పుడో క్షమించేశాడు, నావల్ల కావడం లేదు.

వచ్చే నెల మొదటి ఆదివారం, మారుమనస్సు పొందిన తండ్రి అని నాన్నని స్టేజీ మీద కూర్చోబెడతారట. పూలదండ కూడా చెప్పొచ్చారు. ఆ లోపు నువ్వు రా. మైకంటే నీకు ఇష్టమే కదా, ఆ మైకులోనే, ఆ పిల్లల ముందే నిజం చెప్పు. వాళ్లు నిలబడినా, కట్ట కిందకి పోయినా ఆ భారం నీది, చెయ్యి పడిపోయిన మనిషిది కాదు. నువ్వు రాకపోతే మైకు నేను తీసుకుంటాను.

నాన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేయించమన్నాడు. చేయించి పెట్టాను. దండ తాగుబోతు లాజరు మెడలో పడాలో, గోలీసోడా లాజరు మెడలో పడాలో నువ్వొచ్చి చెప్పు.

ఇట్లు,
గోలీసోడా లాజరు భార్య,
నిన్ను కన్న తల్లి
దీనమ్మ