గారె కొండ

మంగళవారం, ట్రుగనీనా

లేదు, నేనేం బాధపడటం లేదు. గారె కొండ పేరు మ్యాపులోంచి తీసేయమని నాన్నకి నేనే చెప్పాను.

నాన్న ఇంకా ఆ కొండ ఉన్న ఎడారిలోనే సర్వే చేస్తున్నాడు. మొదట్లో అమ్మా నేనూ కూడా అక్కడ క్యాంపులోనే ఉండేవాళ్ళం, తర్వాత మేమిద్దరం ఈ ఊరొచ్చేశాం. అక్కడ స్కూలు లేదు. నల్లరాళ్ళ మీద కొలతలు తీసే జీపీఎస్ కర్రని కదలకుండా పట్టుకోవడమే నా పని. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం ఒకటి ఉండేది, నడిమధ్యలో గుంటతో. అమ్మ దాన్ని చూసి, "అచ్చం నా గారెలాగే ఉంది, మాడింది కూడా" అంది. నాన్న నవ్వి మ్యాపులో అదే పేరు రాసేశాడు.

ఆఫీసువాళ్ళు అది అక్కడి ఆదివాసుల మాటనుకున్నారు. అచ్చువేసే ముందు ఇవాళ అర్థం అడిగారట. నాన్న మెసేజ్ పెట్టాడు: "ఏం చెప్పమంటావ్ రా? ఊరుకుంటే మన పేరే ఉండిపోద్ది."

చాలాసార్లు టైప్ చేసి చెరిపేశాను. చివరికి పంపాను.

"నిజం చెప్పెయ్ నాన్నా. ఆ కొండకి వాళ్ళ పేరు ఒకటి ఉండే ఉంటది కదా. వాళ్ళనే అడుగు."

"మీ అమ్మ నన్ను చంపేస్తది."

"అమ్మకి నేను చెప్తాలే."

అంతా విని అమ్మ, "అక్కడ సాయంత్రాలు బాగుండేవిరా" అంది.

నేను చేసింది రైటే. కానీ మేం ముగ్గురం ఒకప్పుడు ఒకే చోట ఉన్నామని ఆ మ్యాపు ఒక్కటే చెప్పేది. ఇప్పుడింకెవరు చెప్తారు?