పడమర పైనున్న పటం

హైదరాబాద్, జూన్ 8

ప్రియమైన దుర్గా,

ఫోన్‌లో చెబితే మధ్యలోనే అరుస్తావని ఉత్తరం రాస్తున్నాను. టెక్కలి హాస్టల్లో మనం అల్లిన ‘ఉప్పురాజ్యం’ ఆట పుస్తకంగా రాబోతోందే! నువ్వు కథ నడిపితే మేం వీరులమై గవ్వలు వేసేవాళ్ళం, గుర్తుందా? అచ్చువేసేవాళ్ళది ఒకటే షరతు. ఆ రాజ్యం ఎవరి కథలోనైనా ఇమిడిపోవాలట. అందుకని నౌపడ ఉప్పుమళ్ళు ‘ఉప్పు తీరం’ అవుతాయి, మహేంద్రగిరి ‘ఒక కొండ’, మీ ఊరి తాడిచెట్టు ‘ఒక చెట్టు’. సగం ఆట నీది. నీ సంతకం లేనిదే పుస్తకం లేదు. ఒప్పుకోవే తల్లీ.

నీ ఇందు

మంచినీళ్ళపేట, జూన్ 19

నా బంగారు ఇందూ,

‘ఒక కొండ’ ఏమిటే, నీ మొహం! సముద్రంలో మా నాన్నకు దారి చెప్పేది ఆ కొండే. “కొండ కిందకి తాడిసెట్టు సూటిగా వొచ్చిందంటే వల ఎయ్యాల” అని నాకు నేర్పాడు. దారి తప్పిన పడవ రెండు గుర్తులు కలిపితేనే ఇల్లు చేరాలన్న మన ఆట నియమం అక్కడిదే. పడవలోంచి ఒడ్డు చూసినట్టు నేను పడమర పైకి పెట్టి పటం గీస్తే, నువ్వు తెలివిగా ఉత్తరం పైకి తిప్పి ఇంకోటి గీశావు. నేను నా పటం చూసి కథ చెప్పాను, మీరు నీ పటం చూసి పడవ నడిపారు. పడవ ఇల్లు చేరలేదు. మన గదిలో మంగ అన్నం మానేసి ఏడ్చింది. మళ్ళీ అదే పని చేస్తున్నావు. సంతకం పెట్టను.

ఇంత కోపంలోనూ నీ దుర్గ

హైదరాబాద్, జూలై 2

మొండిదానా,

నీ కొండ నాకూ కొండే. కానీ ఇక్కడ మన పాత ఆట ఆడి చూసిన శ్రీకర్ అనే అబ్బాయి మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. “తెలియని ఊరికి తిరిగి వెళ్ళాలని నాకెందుకు అనిపిస్తుందండీ?” అన్నాడు. పద్నాలుగేళ్ళుగా ఈ పుస్తకం కోసం కాచుకున్నాను. నెలాఖరుకు సంతకం రాకపోతే అచ్చువేసేవాళ్ళు వదిలేస్తారు. మార్చిన ఆట పంపుతున్నాను. ఒక్కసారి ఆడు.

ఇందు

మంచినీళ్ళపేట, జూలై 24

ప్రియమైన ఇందూ,

పేరు ముందు ‘నీ’ మానేశావు. రెండు రోజులు అన్నం సయించలేదు నాకు.

నీ దగ్గర ఒకటి దాచాను. ఆ తాడిచెట్టు ఇప్పుడు లేదే. తిత్లీ తుఫానులో పోయింది. అది నిలబడి ఉన్నది మన పటంలోనే. అక్కడా తీసేస్తానంటే నాకు ప్రాణం ఒప్పలేదు.

నిన్న సముద్రం బాగోలేక నాన్న వేటకు వెళ్ళలేదు. వల బాగుచేసుకుంటుంటే పక్కన కూర్చుని నువ్వు పంపిన ఆట మొదలుపెట్టాను. పడవ దారి తప్పింది, రెండు గుర్తులు చెప్పమన్నాను. తాడిచెట్టు అంటాడనుకున్నాను. “కొండ, సెల్ టవరు” అన్నాడు, తడుముకోకుండా! చెట్టేది నాన్నా అంటే నవ్వాడు. “సెట్టు పోనాదని సేపలు పోతాయేటే? ఇంకో గురుతు ఎతుక్కున్నాం.” ఇచ్ఛాపురం అవతల పుట్టిన మా వదినేమో తన పుట్టింటి రేవులోని దీపస్తంభం చెప్పింది. ఇద్దరి పడవలూ ఇల్లు చేరాయి. నేను లోపలికి వెళ్ళి ఏడ్చాను.

పేర్లు తీసెయ్యవే. కానీ ‘ఒక కొండ’ అని మాత్రం రాయకు. ఆట మొదట్లోనే ఎవరి ఊరి గుర్తులు రెండు వాళ్ళనే చెప్పమను. నీ శ్రీకర్ కూడా ఇల్లు చేరతాడు.

సంతకం పెట్టాను. నేను గీసిన మన పాత పటం కూడా పంపుతున్నాను, చివరి పేజీలో వెయ్యి. ఉత్తరం పైకి తిప్పావో, చంపేస్తాను. తాడిచెట్టు పక్కన కొత్తగా ఒక గీత కనబడితే పొరపాటనుకుని చెరిపేసేవు. అది సెల్ టవరు. నాన్న గీశాడు.

ఎప్పటికీ నీ దుర్గ