మీ అబ్బాయి రికార్డు చేసిన ఫోన్లు

అత్తయ్యా,

ఈ రోజుకి మీరు పోయి ఏడాది. మీ సుపుత్రుడి ఘనకార్యం మీకు తప్ప ఇంకెవరికి చెప్పుకోను?

హాసినిని కువైట్‌కి, నా దగ్గరికి పంపమని మీరుండగానే కాకినాడ కోర్టులో కేసు వేశాను కదా. ప్రతి శుక్రవారం సెలవునాడు నేను పిల్లతో మాట్లాడిన మాటలన్నీ మీ అబ్బాయి నాకు తెలియకుండా రికార్డు చేసి, ఇప్పుడు కోర్టుకిచ్చాడు. తండ్రి మీద లేనిపోనివి నూరిపోస్తున్నానట. లేనిపోనివెందుకు, ఉన్నవి చాలవూ!

"కువైట్‌లో చెప్పకుండా రికార్డు చేస్తే నేరమంటారమ్మా. ఇక్కడి కోర్టు మాత్రం వినొచ్చు. అయినా చెల్లదని అభ్యంతరం పెడదాం," అన్నాడు మా లాయరు.

ముందు నేనూ వింటానని తెప్పించుకుని, కువైట్‌లో రిగ్గై పేటలోని నా గదిలో కూర్చుని విన్నాను. నెట్ కాల్ రికార్డు చేయడం చేతకాక, స్పీకర్ పెట్టి పక్కన ఇంకో ఫోను పెట్టాడు ఆ మహానుభావుడు. కుక్కర్ కూతతో సహా ఇల్లంతా రికార్డయింది. కోర్టుకిచ్చే ముందు ఒకసారి వినే ఓపిక కూడా లేదు.

మూడో కాల్‌లో, నేను పెట్టేశాక, వంటింట్లోంచి మీ గొంతు వినిపించింది.

"ఒరేయ్, ఆ పిల్లని తల్లి దగ్గరికి పంపెయ్యరా. నీకు జడెయ్యడం రాదు, జొరమొచ్చిందో లేదో చూడ్డం రాదు. నేనెన్నాళ్ళుంటాను?"

"నువ్వూరుకోవే అమ్మా," అన్నాడు మీవాడు.

అభ్యంతరం పెట్టొద్దని లాయరుకు చెప్పాను. జడ్జిగారిని మొత్తం వినమని అడగమన్నాను. వచ్చే వాయిదాలో మీరు మాట్లాడతారు.

మీ కోడలు