షుక్రీని తప్పించిన పరీక్ష

కైరో,
ఆదివారం

ప్రియమైన ఇబ్తిసామ్‌కు,

సలాములు. నేను, అమ్మ, పిల్లలిద్దరూ కులాసా. సలాలాలో నీ బడీ నీ ఒళ్లూ బాగున్నాయని తలుస్తాను.

మీ ఆయన కారు నేర్పుతాడా అని తోటి టీచర్లు అడిగారట. నవ్వుకోనీ. ప్రింటరైనా మరో యంత్రమైనా కంప్యూటరు మాట వినాలంటే మధ్యలో ఉండాల్సిన ప్రోగ్రామును డ్రైవరంటారని, అది రాయడం నేర్పడమే నా పని అని చెప్పు.

నీ తమ్ముడు షుక్రీ ఫోను ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. పరీక్ష తప్పాడు. బ్యాంకు ఉద్యోగం వదులుకుని, మా కంపెనీలో ఉద్యోగం కోసం నా క్లాసులో చేరాడు కదా, ఇప్పుడు రెంటికీ చెడ్డాడు.

క్లాసులో అందరికీ ఒకే చిప్పు ఇచ్చి దానికి డ్రైవరు రాయమన్నాను. వాడి డ్రైవరు నడిచేటప్పుడు తెరమీద "ఇక్కడిదాకా వచ్చాను" అని ఒక ముక్క పడేది. తప్పులు వెతకడానికి అందరూ అలా పెట్టుకుని పరీక్షకు ముందు తీసేస్తారు. వాడు తీస్తే మాత్రం కంప్యూటరు బిగుసుకుపోయేది.

"తమరి డ్రైవరుకు పక్కన ఎవరో ఒకరు కబుర్లు చెబుతుండాలా, బాష్‌మొహందిస్ గారూ?" అన్నాను. ఇంజనీరును అంత మర్యాదగా పిలిచేసరికి క్లాసంతా గొల్లుమంది.

"తప్పు నాది కాదు బావా. ఈ చిప్పు సిద్ధం కాకముందే సిద్ధమంటోంది. ఆ ముక్క తెరమీద పడేలోపు దానికి కాస్త వ్యవధి దొరుకుతోంది, అంతే. చిన్న విరామం పెట్టనా?"

"ఇక్కడ బావలెవరూ లేరు. విరామం పెట్టమని చిప్పు పుస్తకంలో ఉందా? లేదు కదా! చిప్పు అబద్ధమాడదు, చేతకానివాడు ఆడతాడు."

పరీక్షలో ఆ ముక్క తీసేశాడు. కంప్యూటరు బిగుసుకుంది. సున్నా వేశాను.

ఇప్పుడు నీ దగ్గర దాచిన మాట. వాడు అడిగిన మర్నాడే నేను కొలిచి చూశాను. వాడన్నదే నిజం. క్లాసుకు నేనిచ్చిన నమూనా డ్రైవరులో ఎప్పుడో అలవాటుగా పెట్టిన విరామం ఉంది. మిగతావాళ్లు దాన్నే దింపి గట్టెక్కారు. వాడొక్కడే పుస్తకం చదివి సొంతంగా రాశాడు. మూడేళ్లుగా నాకు తెలియనిది వాడికి మూడు వారాల్లో తెలిసింది. ముందు సిగ్గేసింది, ఆ తర్వాత వాడిమీద కోపం వచ్చింది. అప్పటికి పరీక్షకు ఇంకా పదిరోజులుంది. అయినా చెప్పలేదు.

కొత్త బ్యాచికి ఆ చిప్పు గుట్టును నేనే కనిపెట్టినట్టు చెప్పాను. పైవాళ్లు మెచ్చి నన్ను విభాగానికి పెద్దను చేశారు. నువ్వు మిఠాయిలు పంచిన పదోన్నతి అదే.

నిన్న షుక్రీ ఇంటికొచ్చాడు. అమ్మ వడ్డించిన మొలొఖియా ఆకుకూర ముట్టలేదు. "తప్పు నాలోనే ఉండుంటుంది బావా. ఎక్కడో చూపించు, దిద్దుకుని ఇంకో కంపెనీలో ప్రయత్నిస్తా" అన్నాడు. చూపించడానికి తప్పుంటే కదా! "ఈ పని నీకు అబ్బదు" అన్నాను.

సగం నమ్మాడు. మిగతా సగం నువ్వు నమ్మించాలి. ఇంకో చోట చేరితే ఈ సంగతి చెబుతాడు, ఎవరో ఒకరు కొలిచి చూస్తారు, ముందు కనిపెట్టింది వాడేనని బయటపడుతుంది. అక్క మాట వాడెప్పుడూ కాదనడు. ఈ పని వదిలెయ్యమని నాలుగు ముక్కలు రాయి. ప్రేమగా రాయి, నమ్ముతాడు.

ఇట్లు,
నీ భర్త
వజీహ్