రేడియేటర్‌లో గాలి

జనవరి 1983, బుధవారం రాత్రి
జెర్సీ సిటీ

రేడియేటర్ బాగైంది! నేనే బాగుచేశాను.

ఆదివారం నుంచి బేస్‌మెంట్‌లో బాయిలర్ మండుతూనే ఉంది, పైన పాప గదిని వెచ్చబరచాల్సిన రేడియేటర్ మాత్రం మంచుగడ్డలా ఉంది. ఈయన థర్మోస్టాట్ పెంచుతూ పోయారు. హాల్లో చెమటలు, పైన వణుకు. "పాతదైపోయింది సుశీలా, బాయిలర్ మార్చాల్సిందే," అని సాయంత్రం తేల్చేశారు.

డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం కూడా మార్చకుండా పైకెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. రేడియేటర్ అడుగున గోరువెచ్చన, పైన చల్లన. లోపల బుడబుడమని చప్పుడు. వార్డులో రోజూ సెలైన్ ట్యూబుల్లో గాలి తీసేదాన్ని, నాకిది తెలియదా?

"గాలి చేరిందండీ. అందుకే వేడినీళ్ళు పైకి ఎక్కట్లేదు."

"నువ్వు నర్సువి, ప్లంబర్‌వి కాదు."

పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి, కింద స్టీలు గ్లాసు పట్టాను. కుక్కర్ ఆవిరిలా చాలాసేపు బుస్సుమంది. తర్వాత నల్లటి నీళ్ళు నా తెల్ల యూనిఫాం మీద చిమ్మాయి. పోతే పోయింది! నీళ్ళు ధారగా రాగానే స్క్రూ బిగించి, ఈయన్ని కిందికి పంపి బాయిలర్‌లో తగ్గిన నీళ్ళు నింపించాను. కాసేపాగి ఈయన చెయ్యి పట్టుకుని రేడియేటర్ పైభాగం మీద పెట్టాను.

"అబ్బా!" అని చెయ్యి లాక్కున్నారు. అంతకంటే మెచ్చుకోలు నాకక్కర్లేదు.

కానీ అంత గాలి ఎలా చేరింది? ఎక్కడైనా లీకుందేమో. పొద్దున్నే బాయిలర్ మీది ప్రెషర్ ముల్లు దిగిందేమో చూడాలి...

ఇప్పుడే పాప గదిలోకి వెళ్ళొచ్చాను. జతమీద జత సాక్సులేసుకుని పడుకున్న పిల్ల, నిద్రలోనే అన్నీ తన్నేసింది. అలవాటుకొద్దీ పాదాలు ముట్టుకుని చూశాను. వెచ్చగా ఉన్నాయి.